మూడు అద్దాలు పోయాక

మొదటి అద్దం రాత్రి పోయింది.
ఎవరూ ముట్టలేదు.
షెడ్డుకి తాళం వేసి టీకొట్టు దాకా నడిచానో లేదో
లోపల టప్పుమని ఒక్క చప్పుడు,
వేరుశనక్కాయ చిదిమినట్టు. అంతే.

తెల్లారి చూస్తే
మూల నుంచి మూలకి ఒక వెంట్రుక.
కొంగుతో తుడిచాను. పోలేదు.

కాశిమేడు రేవు వెనక, ఐసు మిల్లు గోడకి ఆనుకుని
మా షెడ్డు. పడవ ఫైబరుది, ముదురు నీలం.
ముక్కు దగ్గర మనిషి వంగి దూరేంత గది.
ఆ గదికి కిటికీ కావాలన్నాడు సవరిముత్తు.
ప్లాస్టిక్ షీటు వద్దన్నాడు.
"ఉప్పుగాలికి ఆర్నెల్లలో పొర కమ్ముద్ది,
నాకు వానలో కూడా రేవు దీపం కనపడాల."

రెండోదానికి రెజిన్ దండిగా పోశాను.
గట్టిగా పట్టుకుంటే కదలదు కదా అని.
హార్డెనర్ కూడా రెండు మూతలు ఎక్కువే.
మగ్గు చేతిలోనే కాలింది, పొగ చిమ్మింది,
బంక రాయి అవుతూ అవుతూ
లోపలికి ముడుచుకుంది,
పట్టుకున్న అంచుల్నల్లా తనవైపు గుంజింది.
అద్దానికి సాగడం రాదు. వంగడం రాదు.
దానికి వచ్చింది అది చేసింది.

మూడోది మేనెల, మిట్టమధ్యాహ్నం,
సవరిముత్తు కళ్ళముందే.
ఆయన ఒక్క మాటా అనలేదు.
చెప్పులు వెతుక్కుని, తొడుక్కుని, వెళ్ళిపోయాడు.
తిట్టి ఉంటే బావుండేది.

తండయారుపేట నుంచి కన్నియప్ప నాయుడు వచ్చాడు,
ముప్పయ్యేళ్ళు బస్సులకి ముందద్దాలు బిగించిన చేతులు,
ఇప్పుడు టీగ్లాసు పట్టుకుంటే వణుకుతాయి.
వస్తూనే నా అరచెయ్యి తీసుకుని పడవ మీద పెట్టాడు.
చురుక్కుమంది.
"ఎండకి ఇది ఎంత సాగుద్దో
అద్దం అందులో సగం కూడా సాగదు కుప్పమ్మా.
రెంటినీ రాతిబంకతో కట్టేసి
కలిసి నడవమంటే ఎట్టా నడిచేది?"

ఆ పూటంతా ఆయన చెప్పడం, నేను చెయ్యడం.
కంతని చుట్టూ వేలి గోరంత పెద్దది చేశాను.
మూలలు గుండ్రంగా అరగదీశాను.
"పదునుగా ఉన్నచోటే పగులు పుట్టేది."
రెజిన్ ఫైబరుకే, చట్రం వరకే.
అది పూర్తిగా ఆరి, వేడి దిగి,
చెవి ఆనిస్తే ఏ చిటపటా లేదని తేలేవరకు
అద్దం గోనెసంచి మీదే పడుకుంది.

అసిటోన్ గుడ్డతో ఒకే వైపుకి తుడుపు,
వెనక్కి రాకూడదు.
కింద నాలుగు రబ్బరు ముక్కలు,
పాత హవాయి చెప్పు నుంచి కోసినవి.
తర్వాత గొట్టంలోంచి నల్ల బంక,
జంతికలు వత్తినట్టు, తెగకుండా, చుట్టూ.
అది ఆరినా రాయి కాదట.
"నొక్కబోకు," అన్నాడు, "ఊరికే కూర్చోబెట్టు."
అద్దం దించేటప్పుడు ఆయన చేతులు వణకలేదు.
నావి వణికాయి.

వారం తర్వాత పడవని ఎండలోకి ఈడ్చాం.
పన్నెండు. ఒంటిగంట.
ఐసు మిల్లులో గడ్డ విరిగిన ప్రతిసారీ
నా గుండె జారింది.
రెండు. మూడు.
సవరిముత్తు వచ్చి అద్దానికి ముక్కు ఆనించి
లోపల ఉన్న నన్ను చూసి నవ్వాడు.

డబ్బు ఇవ్వబోతే నాయుడు పుచ్చుకోలేదు.
మొదట పగిలిన అద్దం అడిగాడు.
గోడవార నుంచి తీసి, వెలుగుకి ఎత్తి,
వెంట్రుక వెంబడే వేలు పోనిచ్చి
కింది మూలలో ఆపాడు.
అక్కడ నువ్వుగింజంత పెచ్చు.
"ఇదిగో మొదలు," అన్నాడు.
నా వైపు చూడలేదు.

అదేం రాత్రి పుట్టిన పెచ్చు కాదు.
కంత బిగువుగా ఉందని
ఆ సాయంత్రం సుత్తి పిడితో రెండుసార్లు తట్టి
దించింది నేనే.